సెకండ్ హ్యాండ్ హోండా సిటీ: ఇంజిన్ శబ్దం విని మురిసిపోకండి

సెకండ్ హ్యాండ్ సిటీ చూడ్డానికి వెళ్ళిన ప్రతివాడూ మొదట చేసేది ఒకటే. బానెట్ ఎత్తించి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, చెవి దగ్గర పెట్టి విని, "అబ్బ, స్టార్ట్ అయినట్టే తెలీట్లేదు" అనడం. అమ్మేవాడికి కావాల్సింది కూడా అదే. ఎందుకంటే సిటీ పెట్రోల్ ఇంజిన్ లక్షన్నర కిలోమీటర్లు తిరిగాక కూడా అలాగే ఉంటుంది, ఓ మాదిరిగా ఆయిల్ మారుస్తూ వచ్చిన ఏ బండికైనా అలాగే ఉంటుంది. కాబట్టి ఆ శబ్దం విని మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు. నాకు తెలిసి సిటీ కొని ఏడ్చినవాళ్ళలో ఇంజిన్ పోయి ఏడ్చినవాళ్ళు చాలా తక్కువ. మిగతావాళ్ళంతా కాగితాల దగ్గరో, నీళ్ళలో మునిగిన బండి దగ్గరో, గుద్దించి అతికించిన బాడీ దగ్గరో దెబ్బ తిన్నవాళ్ళే. కాగితాల దగ్గర దెబ్బ తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు ఏ సిటీ కొనాలో తేల్చుకోవాలి. ఎందుకంటే "సిటీ" అనే పేరు మీద మన దగ్గర ఐదు వేర్వేరు కార్లు తిరుగుతున్నాయి.

ఈ పేరు జపాన్‌లో 1981లో ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌తో మొదలైంది. డిక్కీ ఉన్న సెడాన్‌గా 1996లో థాయ్‌లాండ్‌లో వచ్చింది, ఆసియా దేశాల కోసమే చేసిన కారు అది. మన దేశానికి 1998 జనవరిలో వచ్చింది, గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీలో తయారై. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని చూసి పెరిగిన తరానికి అదో వింత: స్టీరింగ్ అంత తేలిగ్గా తిరగడం, ఇంజిన్ ఆరు వేల ఆర్‌పీఎం దాటినా ఇంకా పరిగెడతానని అడగడం. ఆ మొదటి సిటీలో 1.3, 1.5 లీటర్ల ఇంజిన్లు ఉండేవి, తర్వాత 1.5 విటెక్ అనే ఎక్కువ శక్తి ఉన్న ఇంజిన్ వచ్చింది. ఆ విటెక్‌ని రేసింగ్ పిచ్చి ఉన్న కుర్రాళ్ళు ఇప్పటికీ వెతుక్కుని మరీ కొంటారు. మీకు ఆ పిచ్చి లేకపోతే దాని జోలికి వెళ్ళకండి. ఇంట్లో వాడుకోవడానికి అది ఇప్పుడు కారు కాదు, వ్యసనం.

2003 చివర్లో వచ్చిన రెండోది గుండ్రంగా, పొట్టి ముక్కుతో ఉంటుంది, కొందరు డాల్ఫిన్ మోడల్ అంటారు. 2005లో దాన్నే కొంచెం మార్చి జెడ్‌ఎక్స్ అన్నారు. ముందుది చూసి వేగం ఆశించి వెళ్ళినవాళ్ళు దీన్ని చూసి పెదవి విరిచారు, ఎందుకంటే ఇందులో మొదట వచ్చిన ఐ-డీఎస్‌ఐ ఇంజిన్ శక్తి 77 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) మాత్రమే. కానీ మైలేజీ బాగా ఇచ్చేది, లోపల చోటు బాగా ఉండేది, ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చింది. దీంట్లో ఒక తమాషా ఉంది: ఒక్కో సిలిండర్‌కి రెండు స్పార్క్ ప్లగ్గులు, అంటే మొత్తం ఎనిమిది. వెనక వైపు నాలుగు చెయ్యి పెట్టడానికి ఇబ్బందిగా ఉంటాయి కాబట్టి కొందరు మెకానిక్‌లు ముందు నాలుగే మార్చి "అయిపోయింది సార్" అంటారు. ఈ మోడల్ కొంటే వెనక ప్లగ్గులు ఎప్పుడు మార్చారని ఒక్క మాట అడగండి, అమ్మేవాడి మొహం చూడండి.

2008లో వచ్చిన మూడోదాన్ని మన దగ్గర అందరూ "ఐ-విటెక్" అంటారు. 118 పీఎస్ శక్తి, బాణంలా దూసుకొచ్చే ముందు భాగం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నాలుగైదేళ్ళు పనిచేసి, పెళ్ళై, ఇక చిన్న కారు చాలదు అనుకున్న ప్రతివాడి కలా అప్పట్లో ఇదే. కానీ 2010 జూన్‌లో పెట్రోల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తీసేశారు, డీజిల్ మీద ఉంచారు. రెండింటి మధ్య తేడా పెరిగింది, జనం డీజిల్ వైపు పరిగెత్తారు, హోండా దగ్గర డీజిలే లేదు. అలా వెర్నా, వెంటో లాంటివి ముందుకెళ్ళిపోయాయి.

దానికి జవాబే 2014 జనవరిలో వచ్చిన నాలుగో సిటీ. పెట్రోల్‌తో పాటు మొదటిసారి 1.5 డీజిల్, ఆరు గేర్లు, 100 పీఎస్, కంపెనీ లెక్కలో లీటరుకు 26 కిలోమీటర్లు. ఢిల్లీ ఎక్స్-షోరూమ్‌లో 7.42 లక్షల నుంచి మొదలైంది. పెట్రోల్‌లో ఆటోమేటిక్ కావాలంటే సీవీటీ, అంటే మెట్లు లేకుండా తనంత తనే మారే గేర్‌బాక్స్. 2017 ఫిబ్రవరిలో దీన్ని మెరుగుపెట్టి, కింది వేరియంట్ నుంచే రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఇచ్చారు, అన్నిటికన్నా పై వేరియంట్ జెడ్‌ఎక్స్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు. 2020 జూలైలో ఐదోది వచ్చింది, పెట్రోల్ 121 పీఎస్, ధర 10.89 లక్షల నుంచి. 2022లో హైబ్రిడ్ వచ్చింది, 2023లో కొత్త కాలుష్య నిబంధనల దెబ్బకి డీజిల్ ఆగిపోయింది.

ఇందులో ఏది కొనాలి అంటే, నా మాట 2017 తర్వాతి నాలుగో తరం, పెట్రోల్, మాన్యువల్. డిక్కీ 510 లీటర్లు, అంటే సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు నాలుగు పెట్టెలు, వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే బియ్యం బస్తా, పచ్చడి జాడీలు అన్నీ పడతాయి. వెనక సీట్లో కాళ్ళు చాపుకునే చోటు ఇప్పటి చాలా ఎస్‌యూవీల కన్నా ఎక్కువే. కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ నాలుగో తరానికి పెద్దవాళ్ళ భద్రతలో నాలుగు స్టార్లు వచ్చాయి. ఇప్పుడు అందరూ ఎత్తుగా ఉండే బళ్ళ వెంట పడుతున్నారు కాబట్టి సెడాన్‌కి గిరాకీ తగ్గింది, అది కొనేవాడికి మంచిదే. అదే ఏడాది, అదే షోరూమ్ ధర ఉన్న ఎస్‌యూవీకీ సిటీకీ ఇవాళ్టి సెకండ్ హ్యాండ్ రేటు పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

డీజిల్ గురించి ఒక్క మాట. రోజూ ఎనభై, వంద కిలోమీటర్లు హైవే మీద తిరిగేవాళ్ళకి 2014-19 డీజిల్ బంగారం, శబ్దం మాత్రం లోపలికి బాగా వినిపిస్తుంది, అది జబ్బు కాదు, దాని గొంతే అంత. 2020 తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో పొగ వడపోసే డీపీఎఫ్ ఉంటుంది, దానికి అప్పుడప్పుడూ హైవే మీద పొడుగు పరుగు కావాలి. పిల్లల్ని బడిలో దింపి కూరగాయలు తెచ్చుకునే వాడకానికి అది వద్దు.

ఇథనాల్ గురించి కూడా చాలామంది టెన్షన్ పడుతున్నారు. 2009 నుంచి తయారైన తమ కార్లలో భాగాలు ఈ-20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌ని తట్టుకుంటాయని హోండా చెప్పింది. అంటే 2009, ఆ తర్వాత తయారైన బండి అయితే రబ్బరు గొట్టాలు కరిగిపోతాయన్న భయం అక్కర్లేదు, మైలేజీ మాత్రం కాస్త తగ్గుతుంది. 2008లో తయారైన మూడోది, డాల్ఫిన్, అంతకు ముందువి కొనేవాళ్ళు ఆలోచించుకోవాలి.

సరే, ఇక బండి దగ్గరికి వెళ్దాం.

వెళ్ళే ముందు రోజు ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దండీ" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడెక్కించాడో అడగండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే నీలం పొగ, ఇంజిన్ లోపలి గొలుసు గరగర, బ్యాటరీ నీరసం బయటపడతాయి, పది నిమిషాలు తిరిగాక అన్నీ సర్దుకుంటాయి. ఇంజిన్ పరీక్ష అంతే, దాని మీద పావుగంట చాలు. మిగతా టైమంతా బాడీ మీద పెట్టండి.

పగటి పూటే చూడండి, అదీ ఎండలో. సెల్లార్ పార్కింగ్‌లో, సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద చూసిన బండి అంతా ఒకే రంగులో కనిపిస్తుంది. పక్కనుంచి వంగి చూస్తే, మళ్ళీ పెయింట్ వేసిన డోర్ మీద వెలుగు నారింజ తొక్కలా గరుకుగా పడుతుంది. డోర్ రబ్బరు కొంచెం లాగి చూడండి, కంపెనీ వెల్డింగ్ చుక్కలు ఒకే దూరంలో, గుండ్రంగా ఉంటాయి, టింకరింగ్ చేసిన చోట అవి మాయమవుతాయి, లేదా పుట్టీ కింద కప్పబడిపోతాయి. బానెట్ బోల్టుల మీద స్పానర్ పెట్టిన గీతలు ఉన్నాయా చూడండి. అద్దాల మీద, మూలలో, తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. బండి 2016ది, ఒక్క అద్దం 2019ది అయితే ఆ వైపు ఏదో జరిగింది. బంపర్ మార్చడం, ఫెండర్ మార్చడం పెద్ద తప్పు కాదు, మన రోడ్ల మీద అది జలుబు లాంటిది. పిల్లర్ (పైకప్పుని మోసే స్తంభం), ఆప్రాన్ (బానెట్ కింద చక్రం పక్కనుండే రేకు), డిక్కీ కింద నేల మీద పని జరిగి ఉంటే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యండి, అమ్మేవాడు ఎంత తగ్గించినా సరే.

సిటీ ఎత్తు తక్కువ బండి. మన వీధుల్లో ఒక్కో ఇంటి ముందు ఒక్కో స్పీడ్ బ్రేకర్, ఎవరికి తోచిన ఎత్తులో వాళ్ళు కట్టుకుంటారు. వాటిమీద నలుగురితో వెళ్ళి వెళ్ళి కింద భాగం గీసుకుపోతుంది. అందుకే బండిని ర్యాంప్ ఎక్కించి కింద చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఇంజిన్ కింద ఆయిల్ ఉండే సంప్ సొట్టబోయిందా, సైలెన్సర్ నలిగిందా, లోయర్ ఆర్మ్ బుష్షులు చిరిగాయా చూడండి. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా నడిపిస్తే ముందు వైపు టకటక వినిపిస్తే లింక్ రాడ్లు అయి ఉండొచ్చు, అది చిన్న ఖర్చు. స్టీరింగ్ చేతికే కొట్టినట్టు తెలిస్తే అది చక్రాల్ని తిప్పే స్టీరింగ్ ర్యాక్, ఖర్చు పెద్దది, బేరంలో తీయించండి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళ బండి అయితే కింద తుప్పు ఇంకా గట్టిగా చూడాలి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నన్నడిగితే ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడికి పెద్ద గండం ఇదే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో కాలనీలకి కాలనీలు మునిగాయి, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అలా మునిగిన కార్లని ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ (బాగుచేయించడం దండగ) అని లెక్కగట్టి వేలం వేస్తాయి. వేలంలో పోయిన కార్లన్నీ తుక్కు కావు, కొన్ని కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టుకుని మళ్ళీ మార్కెట్లోకి వస్తాయి, చాలాసార్లు వేరే ఊళ్ళో. వాసన నమ్మకండి. సీట్ బెల్టుని చివరిదాకా లాగండి, ఆఖరి అడుగులో బురద గీత ఎవడూ కడగడు. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలో సన్నటి ఒండ్రు ఉందేమో వేలితో తడమండి. డాష్‌బోర్డు కింద పడుకుని ఫ్యూజు పెట్టె దగ్గర వైర్ల కనెక్టర్లకి పచ్చటి చిలుము ఉందేమో చూడండి. బట్టలు పాడవుతాయని సిగ్గుపడకండి, లక్షలు పోసి కొంటున్నారు. అన్ని పవర్ విండోలూ, సెంట్రల్ లాకూ, వెనక వైపరూ హారనూ, ప్రతి స్విచ్చూ రెండేసి సార్లు నొక్కండి. ఆ, సిటీకి వెనక వైపర్ ఉండదు, అలవాటులో రాసేశాను.

సీవీటీ బండి అయితే నడిపే పరీక్ష వేరుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, గేర్ డీ (డ్రైవ్)లో వేసి, బ్రేక్ వదిలితే తనంత తనే మెత్తగా కదలాలి. ఇరవై నుంచి నలభై మధ్య వేగంలో సన్నగా వణికితే అనుమానించండి. గట్టిగా తొక్కితే ముందు ఇంజిన్ అరుస్తుంది, తర్వాత బండి కదులుతుంది, అది దాని స్వభావం, లోపం కాదు. కానీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తూనే ఉండి వేగం పెరక్కపోతే అది లోపమే. ఇందులో హోండా సొంత సీవీటీ ఆయిలే పొయ్యాలి, నలభై వేల కిలోమీటర్లకి ఒకసారి మార్చారా అని బిల్లు అడగండి. "ఆటోమేటిక్‌కి ఆయిల్ మార్చక్కర్లేదండీ" అన్నవాడి దగ్గర కొనకండి.

మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. కాబట్టి రీడింగ్ చూసి ఆనందపడకుండా, సర్వీస్ సెంటర్‌కి బండి నంబర్ పట్టుకెళ్ళి చరిత్ర అడగండి, ఓనర్ పక్కన ఉంటే మామూలుగా చెప్తారు. 45 వేలు తిరిగిందన్న బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉంటే మనకి అర్థం కావాలి. టైర్ మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. కొత్తగా కనిపించే పాత టైర్లు చాలానే ఉంటాయి.

ఎయిర్‌బ్యాగ్ రీకాల్ (లోపం ఉందని కంపెనీయే బళ్ళని వెనక్కి పిలవడం) సంగతి మరిచిపోకండి. ప్రపంచమంతా గొడవైన టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లు (ఎయిర్‌బ్యాగుని ఉబ్బించే భాగాలు) పాత సిటీల్లో కూడా ఉన్నాయి, హోండా ఉచితంగా మార్చింది, కానీ పిలిచినా వెళ్ళని ఓనర్లు ఉంటారు. 2018-20 మధ్య బళ్ళలో కొన్నింటికి ఫ్యూయల్ పంప్ రీకాల్ వచ్చింది. ఛాసిస్ నంబర్‌తో హోండా వెబ్‌సైట్‌లో చూసుకుంటే మీ బండికి ఏమైనా మిగిలి ఉందో తెలుస్తుంది, మిగిలి ఉంటే మార్చడం ఉచితమే.

ఇక కాగితాలు. నా కథ ఇక్కడే.

నాన్న కోసం 2010 ఐ-విటెక్ ఒకటి పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో కొన్నాం. బండి అద్భుతం. సీ-బుక్ (ఆర్‌సీ) మీద ఫైనాన్స్ పేరు ఉంటే, "లోన్ ఎప్పుడో కట్టేశారండీ, వారంలో తీయించేస్తాం" అన్నారు, మేం మొత్తం డబ్బు ఇచ్చేశాం. ఆ వారం నాలుగు నెలలైంది. లోన్ కట్టేసిన మాట నిజమే, కానీ మొదటి ఓనర్ ఫారం 35 (లోన్ తీరిపోయిందని ఆర్‌టీఓకి ఇచ్చే కాగితం) తీసుకోకుండా వేరే ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన్ని వెతికి, బతిమాలి, సంతకం తెచ్చుకునేదాకా బండి మాది, పేరు ఆయనది. ఆ నాలుగు నెలలూ నాన్న బండి బయటికి తీయాలంటేనే భయపడ్డారు.

కాబట్టి డబ్బు ఇవ్వక ముందే ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబర్ కొట్టి, ఎన్నో ఓనర్, హైపోథికేషన్ (బండి మీద లోన్) ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా అన్నీ చూడండి. ఈ-చలాన్లు వేరుగా చూడండి, ఒక్కోసారి వేలల్లో ఉంటాయి, బాకీ ఉంటే ట్రాన్స్‌ఫర్ దగ్గర అడ్డం పడొచ్చు. ఫైనాన్స్ ఉన్న బండి అయితే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), సంతకం చేసిన ఫారం 35 చేతిలో పడ్డాకే మిగతా డబ్బు. పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద ఓనర్ మీ కళ్ళ ముందు సంతకం పెట్టాలి, ఖాళీ ఫారాల మీద ముందే పెట్టిన సంతకాలు ఒప్పుకోకండి.

ఇన్సూరెన్స్ పాలసీలో ఒక చిన్న కిటుకుంది. నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చూడండి. ఐదేళ్ళు వరసగా క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం అవుతుంది. "ఒక్క గీత పడలేదండీ" అన్న ఆరేళ్ళ బండికి అక్కడ సున్నా ఉంటే, పోయిన ఏడాది ఏం జరిగిందని అడగండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు, మీకు రాదు. పాలసీని మాత్రం పేరు మారిన 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకోవాలి, లేకపోతే మీ బండికి సొట్ట పడితే కంపెనీ చేతులెత్తేస్తుంది.

పదిహేనేళ్ళు దాటబోతున్న బండి అయితే ఆర్‌సీ రెన్యువల్ లెక్క వేసుకోండి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది, పైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్. రెన్యువల్ ఐదేళ్ళకే.

ఢిల్లీ బళ్ళు చాలా చవగ్గా దొరుకుతాయని చెప్పేవాళ్ళు ఉంటారు. అక్కడ డీజిల్‌కి పదేళ్ళు, పెట్రోల్‌కి పదిహేనేళ్ళు అని కోర్టులు గీసిన గీత వల్ల రేటు పడింది, నిజమే. కానీ ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, పేరు మార్చాలి, ఇవన్నీ కలిపాక మిగిలేది ఎంతో కాగితం మీద రాసుకుని చూడండి. తెలంగాణ బండి ఆంధ్రాకి, ఆంధ్రా బండి తెలంగాణకి తీసుకెళ్ళి అక్కడే ఉంచుకోవాలన్నా ఇదే తంతు. రాష్ట్రం విడిపోక ముందు ఇది మనకి తెలియని తలనొప్పి.

బేరం దగ్గర ఇంజిన్ బాగుంది కదా అని అమ్మేవాడు అంటాడు. బాగుంటుంది, సిటీ కదా, దానికి ఎక్స్‌ట్రా ఇవ్వక్కర్లేదు. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, బుష్షులు, ఏసీ గ్యాస్ ఎంతవుతుందో మీ మెకానిక్‌తో రాయించుకుని ఆ చీటీ బల్ల మీద పెట్టండి. టోకెన్ ఇస్తే రసీదు మీద బండి నంబర్, ఛాసిస్ నంబర్, "ట్రాన్స్‌ఫర్ కాకపోతే వాపసు" అన్న మాట రాయించండి.

చివరగా, రెండో తాళం అడగండి. సిటీ తాళంలో చిప్ ఉంటుంది, పోతే బజార్లో చేయించుకునేది కాదు, షోరూమ్‌లో ప్రోగ్రామ్ చేయించాలి, వేలల్లో ఖర్చు. "ఎక్కడో ఉందండీ, వెతికి ఇస్తా" అంటే ఆ డబ్బు రేటులోంచి అక్కడికక్కడే తీసేయండి, తర్వాత ఆయన వెతకడు.